కారు కంటికి కాటుక

కారు కొన్నది నేను. కొబ్బరికాయ కొట్టిందీ నేనే. మొదటిదానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, కొంటానని ఎవరూ నమ్మలేదు కాబట్టి. రెండోదానికి మాత్రం ఇల్లు ఇల్లంతా లేచింది.

తొంభైల నాటి మాట. మయూర్ విహార్‌లో ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం: నేను, మా ఆయన, తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అత్తగారు. మా ఆయనది కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ళు కదిపే ఉద్యోగం. రోజంతా అక్కడ కదిపి కదిపి అలిసిపోయి వచ్చేవారు గనక ఇంట్లో ఏదీ కదిలేది కాదు. కారే కుళాయి, బిగుసుకుపోయిన కిటికీ, నా ఉద్యోగం, అన్నీ పరిశీలనలోనే ఉండేవి.

ఆ ఉద్యోగం సంగతి ముందు చెప్పాలి. గుర్గావ్‌లో కొత్తగా తెరిచిన ఒక కంపెనీలో లెక్కల విభాగంలో నాకు చోటు దొరికింది. దసరా వెళ్ళిన సోమవారం చేరాలి. చేరకపోతే ఆ కుర్చీ నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళది. గుర్గావ్ అంటే ఇప్పటి అద్దాల మేడల ఊరు కాదు. ఆవాల చేల మధ్య అక్కడక్కడా కంపెనీలు మొలుస్తున్న కాలం. మెట్రో ఇంకా ఎవరి ఊహల్లోనూ పట్టాలెక్కలేదు. యమున అవతల ఉన్న మా ఇంటి నుంచి అక్కడికి చేరాలంటే బస్సు దిగి బస్సు ఎక్కి, చివర్లో కోళ్ళగంపలాంటి టెంపోలో వేళ్ళాడాలి. అంతకుముందు ఒక ఉద్యోగాన్ని అలాంటి బస్సుల్లోనే పోగొట్టుకున్నాను. పోగొట్టుకున్నానంటే పర్సు పోయినట్టు ఒక్కసారిగా కాదు. రోజూ కాస్త ఆలస్యంగా చేరుతూ, నలిగిన చీరతో చేరుతూ, రక్తం మరిగిపోతూ చేరుతూ, చివరికి ఒకరోజు చేరడమే మానేశాను.

ఈసారి వరస మార్చాను. ముందు డ్రైవింగ్ నేర్చుకున్నాను, తరవాత లైసెన్సు, ఆ తరవాత కారు. పాతదే. గుండ్రటి కళ్ళు, బూరె బుగ్గలు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నా చేతికొచ్చేసరికి తాంబూలం మానేసిన పెద్దాయన పళ్ళ రంగుకి వచ్చింది. దాన్ని చూసి మా ఆయన, "ఇది నడుస్తుందా?" అన్నారు. "నడిపితే నడుస్తుంది," అన్నాను. ఆ జవాబు కారు గురించో, నా గురించో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

దసరా నాడు కింద ఆవరణలో కారు కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. అత్తగారు చిన్న బండరాయి ఒకటి వెతికి తెచ్చి కారు ముందు పెట్టారు. మా ఆయన చేతిలో కొబ్బరికాయ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో తెలియని ఫైలు చేతిలో పడ్డట్టు నిలబడ్డారు.

"ఇటివ్వండి," అన్నాను.

"అదేందమ్మాయ్," అన్నారు అత్తగారు. "మనింట్లో కాయ మగాళ్ళే కొడతారు."

"మనింట్లో కారు మాత్రం ఆడవాళ్ళే నడుపుతారు అత్తయ్యా. నడిపే చేత్తోనే కొడతాను."

రాతి మీద నెమ్మదిగా రెండుసార్లు తడితే పగిలేది. కానీ అత్తగారు ఇటు నుంచి, మొదటి అంతస్తు బాల్కనీలోంచి అంకుల్‌జీ అటు నుంచి చూస్తున్నారు. ఈ అంకుల్‌జీ రిటైరైన పంజాబీ పెద్దమనిషి, మా ఫ్లాట్ల సంఘానికి సెక్రటరీ, మా ఆవరణలో ఆకు రాలినా ఆయనకి తెలియాలి. అంతమంది ఎదుట నెమ్మదిగా కొట్టడం నా వల్ల కాలేదు. కాయని తల మీదికెత్తి విసిరాను. కాయ దివ్యంగా పగిలింది. ఒక చెక్క వేపచెట్టు వైపు వెళ్ళింది. రెండోది రాయి మీంచి లేచి, నేరుగా వెళ్ళి, కారు కుడి హెడ్‌లైటులో దిగింది.

గాజు పెంకులు, బంతి రేకలు, కొబ్బరినీళ్ళు కలిసి నేల మీద పారాయి. ముందుగా తేరుకున్నది అంకుల్‌జీ.

"క్యోం భాయ్, మద్రాసీ లోగ్ పూజా మే లైట్ భీ తోడ్‌తే హై క్యా?" అన్నారు బాల్కనీలోంచి వంగి. మద్రాసీలు పూజలో లైటు కూడా పగలగొడతారా అని. వెటకారం కాదు, నిజమైన సందేహం.

మా ఆయనకి ఎవరేమడిగినా మన ఆచారాన్ని సమర్థించడం అలవాటు. "కభీ కభీ," అన్నారు గంభీరంగా, అప్పుడప్పుడూ అని.

అత్తగారు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి తీర్పు చెప్పేశారు. "కన్ను పోయింది. బండికి పూజ నాడే కన్ను పోయిందంటే ఇంక నేను చెప్పేదేముంది? దీపావళి పోయిందాకా దీన్ని గేటు దాటనీయొద్దు."

"కాయ చూడండి అత్తయ్యా, మల్లెపువ్వులా ఎంత తెల్లగా ఉందో. కుళ్ళితే కదా అపశకునం?"

"కాయ బాగానే ఉంది. కొట్టిన చెయ్యే బాలేదు."

"సోమవారం నేను చేరాలి. దీపావళి దాకా కంపెనీ ఆగదు."

"ఆగకపోతే పోద్ది. ఢిల్లీలో ఉద్యోగాలకేం కరువు? ఇంకోటి వస్తది." అని ఆవిడ కొడుకు వైపు చూశారు. కొడుకు నా వైపు చూశారు. తరవాత కారు వైపు. దానికున్న ఒక్క కన్నూ ఆయన్నే చూస్తోంది.

"చూద్దాం," అన్నారు మా ఆయన.

ప్రభుత్వ భాషలో చూద్దామంటే చూడం అని అర్థం. బస్సుల బాధ చెప్పినప్పుడల్లా వచ్చిన ఈ మాటకి నా ముందటి ఉద్యోగం ఒకటి బలైంది. రెండోదాన్ని ఇచ్చే ఉద్దేశం నాకు లేదు. "దీపం పగిలితే మార్చాల్సింది దీపాన్ని," అన్నాను. "ఉద్యోగాన్ని కాదు."

మాట బాగానే వచ్చింది. మార్చడమే రాదు. అలాగని ఒంటికన్నుతో వెళ్ళే వీలూ లేదు. ఆ రోజుల్లో సాయంత్రం ఆఫీసు వదిలేసరికి చీకటి పడేది. గుర్గావ్ రోడ్డు మీద వీధిదీపాల కంటే లారీలెక్కువ. ఒక్క లైటుతో వచ్చే కారుని ఎదుటివాడు స్కూటరనుకుని, ఇంకా బోలెడు చోటుందని మీదకొచ్చేస్తాడు. మార్కెట్ దగ్గర మెకానిక్ కోసం వెళితే దుకాణం మూసి ఉంది. రావణుణ్ణి తగలబెట్టడం చూడ్డానికి ఊరెళ్ళాడనీ, మంగళవారానికి గానీ రాడనీ పక్కన పంక్చర్లు వేసే అతను చెప్పాడు. సోమవారం మంగళవారం కంటే ముందొస్తుంది. దాంతో నాకు దారి స్పష్టంగా కనబడింది.

ఆదివారం పొద్దున పగిలిన లైటు పెంకొకటి స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని, మా ఆయన స్కూటరు వెనక కూర్చుని లక్ష్మీ నగర్ వెళ్ళాను. కారు సామాన్ల దుకాణం ఒకటి సగం షట్టరు ఎత్తి ఉంది. మా ఆయన స్కూటరు దగ్గరే ఆగిపోయారు. రెండు పక్షాల మధ్య తటస్థంగా ఉండాలంటే రోడ్డు పక్కే నయం. నేను వంగి లోపలికి వెళ్ళి డబ్బా మూత తీశాను. దుకాణం ఆయన లోపలికి తొంగి చూశాడు. ఇడ్లీ ఉందనుకున్నాడేమో.

"మేడమ్, సాబ్ కో భేజో," అన్నాడు, సార్ని పంపించమని.

"కారు నాది. సార్ స్కూటరు మీద వచ్చారు."

"అచ్ఛా. కుడి వైపుదా, ఎడమ వైపుదా?"

పగిలింది కుడిదే, కానీ కారులో కూర్చుంటే కుడా, ఎదురుగా నిలబడితే కుడా? కాసేపు మనసులోనే కారెక్కి దిగి, "కుడిది," అన్నాను.

అతను పక్కనున్న మనిషి వైపు చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "గుండ్రటి లైటుకి కుడీ ఎడమా ఏముంటుంది మేడమ్? రెండింటికీ ఒకటే."

"మరెందుకడిగారు?"

"ఐసే హీ, ఊరికే. మీకు తెలుసేమో చూద్దామని."

"నేనూ చూద్దామనే వచ్చాను," అన్నాను. "ఈ దుకాణంలో సామానుందో, సవాళ్ళే ఉన్నాయో."

అతను పై అరలోంచి పెట్టె దింపాడు. అద్దమూ, దాని వెనక వెండిగిన్నెలా మెరిసేదీ కలిపి ఒకే వస్తువు. బల్బు వెనక నుంచి విడిగా తగిలించుకోవాలి. ఆ సంగతి కూడా అతను చెప్పలేదు, నేను అడగలేదు. పెట్టె మీద బొమ్మ ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కారు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. అత్తగారు మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని, నన్ను చూడకుండా ఉండటానికి అనువుగా నాకెదురుగానే కూర్చున్నారు. మా ఆయన స్క్రూడ్రైవరు తెచ్చిచ్చారు. మా ఇంట్లో ఉన్నది ఒకటే. మిక్సీ విప్పడానికీ, మూతలు లేపడానికీ, పూలకుండీలో మట్టి గుల్ల చేయడానికీ అదే.

లైటు చుట్టూ ఉన్న మెరుగు రింగుకి అడుగున ఒక స్క్రూ. అది తుప్పు పట్టి, మా ఆయన ఆఫీసులో అప్పీళ్ళలాగా, తిప్పితే తిరిగేది కాదు. కిరసనాయిలు లేదు. చివరికి మెట్లెక్కి వెళ్ళి తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చాను. కాస్త పోసి, కాసేపాగి, పళ్ళు బిగబట్టి తిప్పితే కదిలింది.

"కొబ్బరికాయ చేసిన నిర్వాకం కొబ్బరినూనె దిద్దుతోంది అత్తయ్యా," అన్నాను వినబడేలా.

"తలకి రాసుకునే నూనె," అన్నారావిడ వేపచెట్టుతో. "శుభ్రంగా ఇనపముక్కకి పోసింది."

రింగు ఊడింది. లోపల ఇంకా స్క్రూలున్నాయి. స్క్రూ అన్నదల్లా తిప్పడానికే ఉందనుకునే దశలో ఉన్నాను. అన్నీ తిప్పాను. కొన్ని ఊడి చేతికొచ్చాయి. రెండు మాత్రం ఎంత తిప్పినా ఊడకుండా, స్ప్రింగు మీద లోపలికీ బయటికీ నడిచాయి. వాటికి బుద్ధి లేదనుకుని వదిలేశాను. పెంకులు తీసేశాను. బల్బు బతికే ఉంది. దాన్ని పాత రవికె గుడ్డతో పట్టుకుని కొత్తదాని వెనక తగిలించి, తీగలు గుచ్చి, రబ్బరు టోపీ తొడిగి, అన్నీ తిరిగి బిగించాను. మిగిలిపోయిన స్క్రూలేవీ లేవు. ఇది నేను ఊహించని గౌరవం.

సందె వేళకి లైట్లు వేసి చూశాం. ఎడమ లైటు బుద్ధిగా ఎదురుగా ప్రహరీ గోడ మీద పడింది. కుడి లైటు గోడ వదిలి పైకీ పక్కకీ లేచి, గులాబీ కుండీలు దాటి, మూలనున్న మొదటి అంతస్తు బాల్కనీలో టీ తాగుతున్న అంకుల్‌జీ మొహం మీద పడింది.

"బేటీ!" అన్నారాయన గ్లాసు కంటికి అడ్డం పెట్టుకుని. "హవాయీ జహాజ్ ఢూంఢ్ రహీ హో క్యా?"

విమానాలు వెతుకుతున్నావా అని. మా ఆయన నవ్వారు. అత్తగారికి హిందీ రాకపోయినా ఎక్కడ నవ్వాలో తెలుసు. అప్పుడర్థమైంది నాకు, ఊడని ఆ రెండు స్క్రూలు వెలుగుని పైకీ కిందికీ, పక్కకీ తిప్పేవని. బుద్ధి లేనిది వాటికి కాదు.

"ఇంకేం, మంగళవారం మెకానిక్కే చూసుకుంటాడులే," అన్నారు మా ఆయన మెత్తగా.

"మంగళవారం మీరు చూసుకోండి. నాకు సోమవారం పనుంది."

దిద్దడం ఎలాగో నాకు నేనే ఆలోచించుకున్నాను. ఎడమది సరిగ్గానే ఉంది కదా, కుడిదాన్ని దానికి సమానంగా దించితే చాలు. అందుకు కారు గోడకి తిన్నగా నిలబెట్టి, గోడ మీద గుర్తు గీసుకోవాలి. కారెక్కి తాళం తిప్పాను. అత్తగారు కుర్చీలోంచి లేచారు.

"గేటు దాటొద్దన్నారు," అన్నాను కిటికీలోంచి. "గోడ దాకా వెళ్ళొద్దనలేదు."

పూజయ్యాక ఆ కారులో నా మొదటి ప్రయాణం అదే. గోడ దాకా. దిగి, తెనాలి నుంచి సంచీతో వచ్చే ముగ్గుపిండి కాస్త తడిపి తెచ్చి, ఎడమ వెలుగు మధ్య నుంచి కుడి వైపుకి గోడ మీద గీత గీయబోయాను. గీత నడుమ దాకా బాగానే వెళ్ళి, తరవాత ఇల్లు మర్చిపోయిన చీమలా వంకర్లు పోయింది. చెరిపి ఇంకోటి గీశాను. అది మొదటిదానికి అప్పచెల్లెలు.

రోజూ తెల్లారే లేచి, సిమెంటు మెట్ల ముందు చుక్క తప్పకుండా ముగ్గేసే మనిషి అత్తగారు. చూసి చూసి ఇక ఆవిడ వల్ల కాలేదు.

"ఏందమ్మాయ్ ఆ గీత? అట్టా గీస్తారా ఎవరన్నా? ఇటివ్వు." గిన్నె నా చేతిలోంచి లాక్కున్నారు. "ఎక్కణ్ణుంచి ఎక్కడికి?"

చూపించాను. ఆవిడ కొంగు దోపి, ఊపిరి బిగబట్టి, వేళ్ళ మధ్య నుంచి పిండి వదులుతూ ఒక్క ఊపున లాగారు. దారం పట్టి గీసినట్టుంది. ఎడమ వెలుగు మధ్యలో ఒక చుక్క, కుడి వెలుగు పడాల్సినచోట ఇంకో చుక్క పెట్టారు.

"మాతాజీ, సొసైటీ కీ దీవార్ హై!" అన్నారు బాల్కనీలోంచి అంకుల్‌జీ.

"గోడ మీద గీస్తే నీదేం పోయింది నాయనా, రేపు కడుగుతాంలే," అన్నారు అత్తగారు అచ్చ తెలుగులో, తల తిప్పకుండా.

"ఠీక్ హై, ఠీక్ హై," అన్నారాయన. అత్తగారి గొంతు ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

నేను స్క్రూ తిప్పుతుంటే ఆవిడ గోడ దగ్గర నిలబడి చెబుతున్నారు. "దించు. ఇంకా దించు. అబ్బ, మరీ దించావ్. ఎత్తు. ఎడంపక్కకి రా. ఆ, ఆ, ఉండు! చుక్క మీద కూర్చుంది." రెండు వెలుగులూ ఒకే గీత మీద, ఒక పీట మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురిలా కుదురుకున్నాయి. ఆవిడ చేతులు దులుపుకుని వెనక్కి వచ్చి చూసుకున్నారు. మొహం వెలిగింది. వెంటనే గుర్తొచ్చి ఆర్పేసుకున్నారు.

"దీపం కుదిరింది, కాదన్ను. శకునం మాత్రం శకునమే. పూజ నాడు కన్ను పోయిన బండి."

"అత్తయ్యా, నేను రేపు వెళ్తున్నాను. మీరు దీవించినా వెళ్తాను, మానినా వెళ్తాను. దీవిస్తే కాస్త తేలిగ్గా వెళ్తాను, అంతే తేడా."

ఆవిడ ఏదో అనబోయారు. ఈలోగా అంకుల్‌జీ చెప్పులు టకటకలాడిస్తూ కిందికి దిగి వచ్చారు. కొత్త లైటు ముందు వంగి, అద్దం పైభాగాన్ని వేలితో తట్టి, "కాలా నిశాన్ కహాఁ హై?" అన్నారు. "యే నహీ హోగా తో పులీస్ పక్‌డేగీ."

"ఏమంటున్నాడు?" అన్నారు అత్తగారు.

"లైటు మీద నల్లచుక్క పెట్టాలటమ్మా," అన్నారు మా ఆయన. "లేకపోతే పోలీసులు పట్టుకుంటారట."

"నల్లచుక్కా? బండికా?"

"ఢిల్లీలో అన్ని బళ్ళకీ ఉంటుంది. ఎదుటివాళ్ళ కళ్ళలో వెలుగు కొట్టకుండా. ఇదిగో, ఎడమదానికి చూడు."

అత్తగారు వంగి చూశారు. ఎడమ లైటు నెత్తిన ఎవరో పాత యజమాని పూసిన నల్లరంగు బిళ్ళంత ఉంది. ఆవిడ గబగబా వెళ్ళి, మూల నేను చేటలోకి ఊడ్చిపెట్టిన గాజు పెంకుల్ని అటూ ఇటూ కదిపి చూశారు. వాటి మీద నలుపు ఎక్కడా లేదు. ఎప్పుడో రాలిపోయి ఉంటుంది.

లేచి నిలబడి నడుము మీద చెయ్యి పెట్టుకున్నారు. "చూశావా? చుక్క ఉన్న కన్ను నిలిచింది. చుక్క లేని కన్ను పోయింది. శకునం కాదు పాడూ కాదు. దిష్టి! దిష్టిచుక్క లేకపోతే పోదా మరి? ముందే చెప్పొచ్చుగా ఈ సంగతి!"

"అత్తయ్యా, అది దిష్టికి కాదు. రోడ్డు రూలు."

"ఏదైతే ఏంది? ఢిల్లీ పోలీసులకి తెలిసినపాటి నీకు తెలీలా."

పైకి వెళ్ళి, ఆముదపు దీపం మసితో తానే ఇంట్లో చేసుకునే కాటుక భరిణెతో దిగారు. నేను కొత్త లైటుకి అడ్డంగా నిలబడ్డాను. తప్పు కారణానికి దొరికే అనుమతి నాకు అక్కర్లేదనిపించింది.

"ఒక్క మాట. మీరు చుక్క పెట్టినందుకు నేను వెళ్ళడం లేదు. పెట్టకపోయినా వెళ్ళేదాన్ని."

"వెళ్దువుగానిలే. ముందు పక్కకి జరుగు."

జరిగాను. పోలీసుల కోసమే జరిగాను. ఈ మాట అప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను, మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

సోమవారం పొద్దున వాకిట్లో కొత్త ముగ్గు, కారు నుదుట కొత్త బొట్టు. మా ఆయన గేటు తెరిచి పట్టుకున్నారు. ఆయన జీవితంలో ఒక విషయాన్ని చూద్దామనకుండా తేల్చేయడం నేను చూసింది అప్పుడే. వంతెన మీద బస్సు డ్రైవర్లు హారన్లతో, స్కూటర్లవాళ్ళు చూపులతో నాకు చాలా సలహాలిచ్చారు. ఒక్కటీ తీసుకోలేదు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది, రెండుసార్లూ అదే ఏదో ఆలోచిస్తోందన్నట్టు దర్జాగా కూర్చున్నాను. చేరాల్సిన వేళకి ముందే చేరాను.

సాయంత్రం అసలు పరీక్ష. చీకటి, దుమ్ము, ఎదురుగా వరసగా లారీలు. లైట్లు వేశాను. నా ముందు రోడ్డు మీద రెండు వెలుగులు, ఒకే గీత మీద. లారీలు వాటి పక్కనుంచి వాటి దారిన అవి పోయాయి. మయూర్ విహార్ మలుపు తిరిగేసరికి గుర్తొచ్చింది, స్టీరింగు కాస్త వదులుగా పట్టుకున్నా ఏం కాదని.

ఇంటికొచ్చి దిగి చూస్తే, లైటు వేడికి ఆముదపు కాటుక కరిగి, కుడి కంటి కింద పొడుగ్గా చారలు కట్టింది. అప్పగింతల్లో పెళ్ళికూతురిలా ఉంది కారు.

"ఎందుకేడ్చిందంట?" అన్నారు మెట్ల దగ్గర కాచుకుని కూర్చున్న అత్తగారు.

"మళ్ళీ రేపు కూడా వెళ్ళాలన్న సంతోషానికి," అన్నాను.

మంగళవారం మెకానిక్ వచ్చాడు. నల్లరంగు ఒక్కటీ అతనితో వేయించాను. లైటు చూసి ఎవరు బిగించారని అడగలేదు. అడుగుతాడేమోనని కాసేపు పక్కనే నిలబడ్డాను కూడా.

మరుసటి దసరాకి కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్న ప్రశ్నే రాలేదు. అత్తగారు మా ఆయన పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి కారు రెండు కళ్ళకీ గంతలు కట్టారు. అంకుల్‌జీ తనంతట తానే బాల్కనీలోంచి లోపలికి వెళ్ళి, దోమల జాలీ తలుపు వెనక నిలబడ్డారు. మా ఆయన రాయికి బాగా దూరంగా జరిగారు. ఆవిడ కాయ తెచ్చి నా చేతిలో పెట్టి, "కొట్టు," అన్నారు.

కొట్టాను. కిందటేటి కంటే గట్టిగా.